ఊడ్చేముందు ఒక్కసారి లెక్కపెడదాం

ఆమధ్య మా ఇంట్లో పాత ట్యూబ్‌లైటు తీస్తుంటే జారిపడి పగిలింది. పిల్ల కాళ్ళకి గుచ్చుకుంటుందేమోనని గుండె దడదడలాడింది. చీపురుతో ఊడ్చాను, తడిగుడ్డ పెట్టాను, మళ్ళీ ఓసారి చేత్తో తడిమి చూశాను. పెంకులన్నీ నల్ల కవర్లో వేసి, మూతి ముడేసి, వంటింటి చెత్తతోపాటు బయట పెట్టేశాను. అమ్మయ్య అనుకున్నాను.

రెండు రోజుల తర్వాత చెత్తబండి అక్క వచ్చింది. కుడిచేతి బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది.

"ఏమైందక్కా?" అన్నాను.

"గాజుపెంకు దిగిందమ్మా, కవరు లాగుతుంటే."

ఏ ఇంటి కవరో అడగబోయి, నోరు రాక ఆగిపోయాను. ఆవిడే చిన్నగా నవ్వి, "ఎవరిదైతే ఏముందిలే" అంది. నాదేనని ఆవిడకి తెలుసు. తెలుసని నాకు అర్థమైంది.

లోపలికి వెళ్ళి పసుపూ, శుభ్రమైన గుడ్డా తెచ్చి ఇచ్చాను, ఆస్పత్రిలో చూపించి టీటీ ఇంజెక్షన్ చేయించుకోమన్నాను. అంతకంటే ఏం చెయ్యాలో తోచలేదు. మా పిల్ల అరికాలి కోసం నేలంతా చేత్తో తడిమిన మనిషిని, అదే గాజుముక్కని ఇంకొకరి చేతికి అప్పజెప్పాను. గడప దాటితే చాలు, అది నా బాధ్యత కాదన్నట్టు.

ఆ రోజు ఆవిడ ఇంకో మాట అంది. "ఏ ఇంట్లో చుట్టాలొచ్చారో, ఎవరికి జరమొచ్చిందో, ఎవరింట్లో పసిబిడ్డ ఉందో, ఎవురు రాత్రి తాగారో, కవరిప్పితే అన్నీ తెలిసిద్దమ్మా. కాకపోతే మమ్మల్ని అడిగేదెవురు?"

ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే. ఊరు శుభ్రంగా ఉండాలని అందరూ అంటారు. చీపుర్లు పట్టుకుని ఫొటోలు దిగుతారు. మర్నాటికి మళ్ళీ అదే చెత్త, అదే చోట. ఎందుకంటే అది ఏమిటో, ఎక్కణ్ణుంచి వస్తోందో ఎవరూ కనుక్కోలేదు. జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా రోజూ నుదుటిమీద తడిగుడ్డ వేసినట్టుంది మన శుభ్రత. ముందు లెక్కపెట్టాలి, తర్వాత ఊడ్చాలి. ఆ లెక్క పెట్టాల్సింది ఎక్కడో ఆఫీసులో కూర్చున్న వాళ్ళు కాదు, ఆ చెత్తని రోజూ చేత్తో పట్టుకునే ఆడవాళ్ళం. ఇదీ నా అభిప్రాయం.

మాది రొంపిచెర్ల. నరసరావుపేటకు దగ్గర్లో ఉన్న మండల కేంద్రం. 2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా ఏర్పడ్డాక జిల్లా కేంద్రమే మాకు పక్కనైంది. మాది సిటీ కాదు. కానీ సిటీ చెత్త మాకు ఎప్పుడో వచ్చేసింది. హైదరాబాదు కొట్లో వేలాడే షాంపూ ప్యాకెట్ల దండే మా వీధి చివర బడ్డీ కొట్లోనూ వేలాడుతుంది. తేడా ఒక్కటే. సిటీలో ఆ ప్యాకెట్టు తీసుకెళ్ళడానికి లారీలుంటాయి. మాకు ఒక అక్క, ఒక రిక్షా బండి.

నా చిన్నప్పుడు మా అమ్మగారింట్లో చెత్తబుట్ట అనేదే లేదు. అన్నం కడిగిన నీళ్ళూ, కూరగాయ తొక్కలూ కుడితి గోళెంలోకి పోయేవి. పొయ్యిలో బూడిద అంట్లకి. పేడ, ఊడ్చిన ఆకులూ, తిని పారేసిన విస్తళ్ళూ పెరట్లో పెంటదిబ్బ మీదకి. ఎండాకాలంలో ఆ దిబ్బ కాస్తా బండికెక్కి చేలోకి పోయేది. విసిరేసింది ఏదైనా మట్టిలో కలిసేది, కనక విసరడం తప్పు కాదు. అదే చెయ్యి ఇప్పటికీ అలాగే విసురుతోంది. విసిరే వస్తువు మాత్రం మారిపోయింది. "మన జనానికి శుభ్రత తెలీదు" అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చి కల్లాపి చల్లే జనానికి శుభ్రత తెలీకపోవడమేంటి? మన అలవాటు విస్తరాకు నాటిది, మన చేతిలో ఉన్నది ప్లాస్టిక్ పూత పూసిన ప్లేటు. తేడా అక్కడుంది.

సరే, లెక్క సంగతి. అక్క వేలు తెగిన వారమే నేను, వెనకింటి పిన్ని, ఎదురింటి వదిన, అంగన్‌వాడీకి పిల్లాణ్ణి తీసుకెళ్ళే ఇంకో చెల్లి కూర్చుని ఓ పని మొదలుపెట్టాం. మా అమ్మాయి పాత నోటుబుక్కు ఒకటి తీసుకుని గళ్ళు గీసింది. పాల ప్యాకెట్లు, కవర్లు, షాంపూ - సబ్బుపొడి ప్యాకెట్లు, చిప్స్ ప్యాకెట్లు, టీ కప్పులు, నీళ్ళ సీసాలు - ప్యాకెట్లు, ఖైనీ ప్యాకెట్లు, మందు సీసాలు, పురుగుమందు డబ్బాలు, డైపర్లు - ప్యాడ్లు, గాజు, 'ఇంకా'. కనబడ్డ ప్రతిదానికీ ఒక గీత. నాలుగు నిలువు గీతల మీద ఒక అడ్డగీత, పాలవాడి లెక్కలాగా. మా వీధి, బస్సు ఆగే చోటు, బడి ముందు, కాలవకట్ట, ఈ నాలుగు చోట్లకీ నాలుగు పేజీలు. చేతికి గ్లవుజులు, కాళ్ళకి చెప్పులు, పిల్లలు ముట్టుకోకూడదు, చూసి చెప్పాలి, అంతే. ఏడు రోజులు, రోజుకో అరగంట.

మొదటిరోజు టీ బంకు దగ్గర కూర్చున్న మగవాళ్ళు నవ్వారు. "ఏందమ్మా, చెత్తకి జనాభా లెక్కలా?" అన్నాడో పెద్దాయన. "అవును బాబాయ్, మీ కప్పు కూడా రాస్తున్నాం" అంది మా వదిన. మర్నాడు ఆయన కప్పు కింద పడెయ్యకుండా డబ్బాలో వేశాడు. ఎవరో రాస్తున్నారంటేనే సగం చేతులు ఆగుతాయని మాకు అప్పుడే తెలిసింది.

అంకెలు ఇక్కడ రాయను. మా వీధి అంకెలు మీ వీధికి పనికిరావు. కానీ లెక్క నేర్పిన సంగతులు అందరికీ పనికొస్తాయి.

మొదటిది: చెత్త అంతా ఒకటి కాదు. ఊడ్చినప్పుడు అదొక కుప్ప. లెక్కపెట్టినప్పుడు నాలుగు చోట్ల నాలుగు రకాలు. ఇళ్ళ ముందు ఎక్కువగా దొరికినవి పాల ప్యాకెట్ల మూలలు, షాంపూ ప్యాకెట్లు. బడి ముందు చిప్స్ ప్యాకెట్లు. బస్సు ఆగే చోట టీ కప్పులు, ఖైనీ ప్యాకెట్లు. కాలవకట్ట మీద అసలు తయారవని వస్తువులన్నీ అక్కడే ఉన్నాయి: కోడి ఈకల నల్ల కవర్లు, డైపర్లు, దేవుడి పూల కవర్లు, చెట్టు కింద మందు సీసాలు. కాలవలోకి వెళ్ళినవన్నీ ఎవరో ఇంటి దగ్గర్నుంచి పనిగట్టుకుని మోసుకొచ్చి వేసినవే. అంటే బద్ధకం వల్ల కాదు, ఇంట్లో ఉంచుకోలేక.

రెండోది: చెత్తకి వారాలుంటాయి. ఆదివారం మధ్యాహ్నం నల్ల కవర్లు. పెళ్ళి ముహూర్తాలప్పుడు ప్లేట్లు, గ్లాసులు. మిరపకాయల కాలంలో, పత్తికి మందు కొట్టే రోజుల్లో గట్ల మీద డబ్బాలు. ఏ రోజు ఏది వస్తుందో తెలిస్తే, ఆ రోజుకి ముందే ఆ కొట్టువాడితో, ఆ పెళ్ళివాళ్ళతో, ఆ రైతుతో మాట్లాడొచ్చు.

మూడోది, నన్ను సిగ్గుపడేలా చేసింది. కాలవకట్ట మీద దొరికిన ఒక కవర్లో ఎండిన బంతిపూలు, అరటి తొక్కలు, అగరొత్తుల పెట్టె. ఆ పెట్టె మా ఇంట్లో వాడే రకమే. కవరు మీద మేము వెళ్ళే కొట్టు పేరు. మా అత్తయ్య ప్రతి శుక్రవారం మా వారి చేతికిచ్చి "కాలవలో కలిపేసి రారా" అనే పూజ నిర్మాల్యం అది.

అత్తయ్యతో ఈ మాట ఎలా చెప్పాలో నాకు తెలీలేదు. దేవుడి విషయం. ఆవిడ నమ్మకం ఆవిడది. "అత్తయ్యా, పూలు నీళ్ళల్లో కలపాలంటారు సరే, కవరు కూడా కలపాలని ఎక్కడన్నా ఉందా?" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. రాత్రి అన్నాల దగ్గర, "మా కాలంలో పూలు తొక్కని చోట, తులసికోట మొదట్లోనే వేసేవాళ్ళం. ఈ కవర్లు వచ్చాకే కాలవకి పంపడం మొదలైంది" అంది. ఇప్పుడు మా పెరట్లో జామచెట్టు కింద చిన్న గుంట ఉంది. పూలన్నీ అందులోకే. ఆ గుంట మీద పేడనీళ్ళు చల్లడం అత్తయ్య పని. ఎవరూ చెప్పకుండా ఆవిడే తీసుకుంది. కొత్త పద్ధతి అని చెప్తే వినేది కాదు. తన పాత పద్ధతే అని తనకే గుర్తొచ్చింది కనక చేస్తోంది.

మా వారితో అంత తేలిగ్గా అవలేదు. మేము మిరప వేస్తాం. పురుగుమందు డబ్బాలు గట్టు మీదే వదిలేసి వస్తారు. అడిగితే, "ఇంటికి తెమ్మంటావా విషం డబ్బాల్ని?" అన్నారు. నిజమే, ఇంటికి తేవడం ఇంకా ప్రమాదం. వాటిలో నీళ్ళు పట్టుకునే వాళ్ళని, కిరసనాయిలు పోసుకునే వాళ్ళని నేను చూశాను. వ్యవసాయం వాళ్ళు చెప్పే పద్ధతి ఒకటుంది: ఖాళీ డబ్బాని మూడుసార్లు కడిగి, ఆ నీళ్ళు స్ప్రేయర్ ట్యాంకులోనే పోసెయ్యాలి, తర్వాత ఎవరూ మళ్ళీ వాడకుండా డబ్బాకి చిల్లులు పొడవాలి. దీనివల్ల అడుగున మిగిలిన మందు కూడా వృథా పోదు. "డబ్బు పెట్టి కొన్న మందు గట్టుకి పోస్తున్నారు" అన్నాక ఆయన చెవికెక్కింది. పర్యావరణం అంటే ఎక్కలేదు, డబ్బు అంటే ఎక్కింది. పర్లేదు, ఎలా ఎక్కినా ఫరవాలేదు. ఇప్పుడు చేలో ఓ పాత గోనెసంచి కట్టి చిల్లు పొడిచిన డబ్బాలు అందులో వేస్తున్నారు. ఆ సంచి నిండాక ఎవరు తీసుకోవాలన్నది మా ఇంట్లో ఇంకా తేలలేదు. అమ్మిన వాళ్ళే వెనక్కి తీసుకోవాలని నేనంటాను. కొట్టువాడు ఒప్పుకోడని ఆయనంటారు. అడగకుండానే ఒప్పుకోడని ఎలా తెలుస్తుంది?

ఆడవాళ్ళు చెత్త లెక్కపెడితే ఏమొస్తుంది అనుకునేవాళ్ళకి ఒకావిడ సంగతి చెప్పాలి. ఆవిడ పేరు ఆల్‌మిత్రా పటేల్. అమెరికాలో ఇంజినీరింగ్ చదువుకుని వచ్చిన మనిషి. బెంగళూరు బయట ఆవిడ ఉండే చోట, 1991 ప్రాంతంలో కప్పల అరుపులు ఆగిపోయాయి. ఊరి మురుగూ, చెత్తా ఆ చెరువుల్లోకి చేరడమే కారణం. అక్కడ మొదలుపెట్టి, దేశంలో ఒక్కో ఊరే తిరుగుతూ చెత్త ఎక్కడికి పోతోందో చూసుకుంటూ వెళ్ళారు. 1996లో సుప్రీంకోర్టులో కేసు వేశారు. ఆ కేసు వల్లనే 2000లో మన దేశంలో పట్టణాల చెత్తకి మొదటిసారి ప్రత్యేకంగా నిబంధనలు వచ్చాయి. వాటి స్థానంలో 2016లో ఇంకా పెద్ద నిబంధనలు వచ్చాయి. తడి, పొడి, ప్రమాదకరమైనవి వేరువేరుగా ఇవ్వాలని, డైపర్లు, ప్యాడ్లు పొట్లం కట్టి ఇవ్వాలని, చెత్త తగలబెట్టకూడదని అందులో పెట్టారు. ఇదంతా కప్పలు ఎందుకు అరవట్లేదని అడిగిన ఒక ఆడమనిషితో మొదలైంది.

అమెరికాలోనూ అంతే. 1986లో టెక్సస్ సముద్రపు ఒడ్డున ఇద్దరు స్త్రీలు జనాన్ని పోగుచేసి చెత్త ఏరించారు. అందరూ ఏరతారు. వీళ్ళు మాత్రం ప్రతి వస్తువునీ ఒక కార్డు మీద రాయించారు. ఈరోజు ప్రపంచమంతా ఏటా జరిగే తీర శుభ్రతా కార్యక్రమం దాన్నుంచి పుట్టిందే. ఆ కార్డులు ఇప్పటికీ నింపుతున్నారు. మా అమ్మాయి గీసిన గళ్ళ పుస్తకం లాంటివే.

అంత దూరం ఎందుకు, మన తెలుగునేల మీదే చూద్దాం. 2003 ప్రాంతంలో సూర్యాపేటలో ఖాదర్ సాహెబ్ అని మున్సిపల్ కమిషనర్ ఉండేవారు. అప్పట్లో అది నల్గొండ జిల్లాలో లక్ష జనాభా ఉన్న ఊరు. వీధి కుండీలు తీసేసి, ఇంటింటికీ బండి పంపి, తడీ పొడీ విడివిడిగా తీసుకునేవారు. తడిది ఎరువుకి, పొడిది అమ్మకానికి. బయటినుంచి పెద్ద నిధులేమీ తెచ్చుకోకుండా, ఊరి కొట్లవాళ్ళనీ ఇళ్ళవాళ్ళనీ కలుపుకునే చేశారు. ఎక్కడెక్కణ్ణుంచో వచ్చి చూసి వెళ్ళారు. 2012 అక్టోబరులో వరంగల్లో ఇంకో పని జరిగింది. రాష్ట్రంలోని మిగతా మున్సిపాలిటీల సిబ్బంది బృందాలుగా వచ్చి, ఒక వారం పాటు వార్డులు పంచుకుని, ఇంటింటికీ వెళ్ళి తడి - పొడి వేరు చెయ్యడం నేర్పారు. పోటీ పెట్టుకుని మరీ నేర్పారు. సిద్దిపేటలో స్టీల్ బ్యాంకు అని పెట్టారు. పెళ్ళికో పేరంటానికో స్టీలు పళ్ళేలు, గ్లాసులు తీసుకెళ్ళి, వాడుకుని, కడిగి తిరిగి ఇవ్వడం. ఇవన్నీ చూస్తే నాకు కనబడేది ఒకటే. ఎక్కడ పని జరిగిందో అక్కడ ముందు ఏ చెత్త ఎక్కడ పుడుతోందో కనుక్కున్నారు. ఫంక్షన్ చెత్తకి చీపురు మందు కాదు, స్టీలు పళ్ళెం మందు.

మందు సీసాల సంగతి కూడా అంతే. తమిళనాడు నీలగిరి జిల్లాలో 2022 నుంచి సీసాకి పది రూపాయలు ఎక్కువ తీసుకుంటున్నారు, ఖాళీ సీసా తిరిగి ఇస్తే ఆ పది వెనక్కిస్తారు. అడవిలో ఏనుగుల కాళ్ళకి సీసా పెంకులు గుచ్చుకోకుండా చేసిన ఏర్పాటు అది. మా కాలవకట్ట మీద ఏనుగుల్లేవు కానీ, చెప్పుల్లేకుండా నడిచే పసులకాపరి పిల్లలున్నారు. తాగే వాళ్ళకి బుద్ధి చెప్పడం మన వల్ల కాదు. సీసాకి విలువ కట్టడం మాత్రం ప్రభుత్వం చేతిలో పని. మనం అడగాల్సింది అది.

ఇక్కడ మీరో మాట అంటారని నాకు తెలుసు. "ఇంటి చాకిరీ చాలక ఊరి చెత్త కూడా మన నెత్తినేనా?" ఈ మాట మా పిన్నే అంది, మూడో రోజు సాయంత్రం నడుం పట్టుకుని. "రాసేది మనం, ఏరేది మనం, తిట్టించుకునేది మనం" అంది. నేను దీన్ని తేలిగ్గా తీసెయ్యను. శుభ్రత అనగానే ఆడవాళ్ళ వైపు చూడటం ఈ దేశంలో పెద్ద జబ్బు. స్వచ్ఛత పోస్టర్ల మీద చీపురు పట్టుకున్నది ఎప్పుడూ చీరకట్టుకున్న బొమ్మే.

కానీ లెక్క ఆ జబ్బుకే మందు అని నాకనిపించింది. ఎందుకంటే పుస్తకం నిండాక తేలిందేమంటే, అందులో సగం పేజీలు మనవి కావు. ఖైనీ ప్యాకెట్టు నాది కాదు. మందు సీసా నాది కాదు. పురుగుమందు డబ్బా నేను కొనలేదు. టీ కప్పు నేను తాగి పడెయ్యలేదు. ఊడ్చినంత కాలం అదంతా ఒకే కుప్ప, ఆ కుప్ప మన పని. లెక్కపెట్టినప్పుడు ఎవరిది వాళ్ళకి అప్పజెప్పొచ్చు. పొగాకు, పాన్ మసాలా ప్లాస్టిక్ ప్యాకెట్లలో అమ్మకూడదని 2016 ప్లాస్టిక్ చెత్త నిబంధనల్లోనే ఉంది. ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, చెంచాలు 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం. 120 మైక్రాన్లకంటే పల్చటి కవర్లు 2022 డిసెంబరు 31 నుంచి అమ్మకూడదు. అయినా మా పుస్తకంలో వాటికి గీతల మీద గీతలున్నాయి. అంటే మా వీధిలో పడున్న చెత్తలో చాలా భాగం అసలు మా వీధికి రాకూడనిది! రాకూడనిదాన్ని రానిచ్చిన వాళ్ళని వదిలేసి, ఊడ్చే వాళ్ళని ఎందుకు ఊడ్వలేదని అడుగుతున్నాం ఇన్నాళ్ళూ. తయారుచేసే కంపెనీలు తాము అమ్మిన ప్లాస్టిక్ ప్యాకింగును తిరిగి సేకరించే బాధ్యత తీసుకోవాలని కూడా చట్టం ఉంది. ఆ బాధ్యత మా ఊరి దాకా రావాలంటే, మా ఊళ్ళో ఏ రకం ఎంత పడుతోందో ఎవరో ఒకరు రాసి చూపించాలి.

మనవైన పేజీలు కూడా ఉన్నాయి, దాచను. పాల ప్యాకెట్టు మూల పూర్తిగా కత్తిరించకుండా వదిలేస్తే ఆ ముక్క ప్యాకెట్టుకే ఉంటుంది. పాత సామాన్లతనికి కడిగి ఆరేసి ఇస్తే తీసుకుంటాడు. మూల కత్తిరించి వేరు చేస్తే ఆ చిన్న ముక్కని ఎవరూ ఏరరు, కాలవలోకే పోతుంది. అంత చిన్న సంగతి ఇన్నేళ్ళుగా నాకు తట్టలేదు. షాంపూ చిన్న ప్యాకెట్ల బదులు సీసా కొంటే ఒకేసారి డబ్బు ఎక్కువవుతుంది, అందరికీ కుదరదు. రోజు కూలికి వెళ్ళే ఇంట్లో రూపాయి ప్యాకెట్టే కుదురుతుంది. వాళ్ళని తప్పుపట్టే హక్కు నాకు లేదు. నాకు కుదురుతుంది కనక నేను మారాను.

ప్యాడ్ల సంగతి ఎవరూ మాట్లాడరు. కాలవలో కనబడుతున్నాయి కానీ నోట్లో కనబడవు. ఎందుకు కాలవకి వెళ్తున్నాయంటే, చెత్తబండిలో వేస్తే అక్క చూస్తుందని సిగ్గు. కాలవలో వేస్తే ఎవరూ చూడరనుకుంటాం, ఊరంతా చూస్తోంది. పుణేలో చెత్త ఏరుకునే వాళ్ళే సభ్యులుగా నడిపే స్వచ్ఛ్ అనే సహకార సంఘం ఒక పద్ధతి నేర్పింది: ప్యాడుని పాత పేపర్లో చుట్టి, పైన ఎర్ర చుక్క పెట్టడం. ఆ చుక్క చూస్తే తీసుకునే మనిషి దాన్ని విప్పదు. ఎంత తేలికో చూడండి. పేపరు మనింట్లోనే ఉంది, పిల్లల ఎర్ర స్కెచ్ పెన్ను మనింట్లోనే ఉంది. మా అమ్మాయికి ఇది నేర్పేటప్పుడు, "ఇది దాచుకోవడానికి కాదు, అక్క చేతికి తగలకుండా ఉండటానికి" అని చెప్పాను. సిగ్గు తీసేసి మర్యాద పెట్టడం అంటే ఇదే.

గాజుకి కూడా మేము అదే పద్ధతి పెట్టుకున్నాం. పగిలిన గ్లాసైనా, సీసా అయినా అట్టపెట్టెలో పెట్టి, పైన ఎర్రగా గీత గీసి, విడిగా చేతికి ఇస్తాం. ట్యూబ్‌లైటయితే ఇంకా జాగ్రత్త, అందులో కాస్త పాదరసం కూడా ఉంటుంది.

ఏడో రోజు పుస్తకం మూసేముందు చెత్తబండి అక్కని పిలిచి, కుర్చీ వేసి, టీ ఇచ్చి కూర్చోబెట్టాం. ఒక్కో పేజీ మా అమ్మాయి చదివి వినిపించింది. ఆవిడ వింటూ వింటూ మూడు చోట్ల మా లెక్క సరిదిద్దింది. "ఇది మీరు పొద్దున రాశారు. సందేళ వచ్చి చూడండి, వేరేగా ఉంటది" అంది బడి ముందు పేజీకి. "ఈ కోడి కవర్లు మన వీధివి కాదు, ఆ పక్క వీధోళ్ళవి, బండి మీద పోతా ఇసిరేస్తారు" అంది కాలవ పేజీకి. చివరికి, "తడిదీ పొడిదీ మీరు ఏరు చేసి ఇచ్చినా, నాకున్నది ఒకటే బండి. రెండూ కలిపే పోస్తా. బండిలో మధ్యన ఓ చెక్క కొట్టిస్తే సాలు" అంది.

మధ్యలో ఒక చెక్క. మా నలుగురికీ ఏడు రోజుల్లో తట్టని మాట అది. ఇళ్ళల్లో వేరు చెయ్యండని మైకులో చెప్పేవాళ్ళకీ తట్టలేదు. ఆవిడకి ఎప్పుడో తెలుసు. అడిగినవాళ్ళు లేరు, అంతే. ఆ చెక్క ఖర్చు మేము నలుగురం కలిసి పెట్టుకున్నాం. నిజానికి అది మేం పెట్టాల్సింది కాదు, ఆ సంగతి కూడా పుస్తకంలో రాశాం.

ఊరు మారిపోయిందా అని అడిగితే, లేదు. కాలవకట్ట మీద ఇప్పటికీ కవర్లున్నాయి. మా వీధి మటుకు కొంచెం తేలికపడింది. బడి ముందు కొట్టువాడు ఒక డబ్బా పెట్టాడు, పిల్లలు సగం మంది వేస్తారు. పక్క వీధి ఆడవాళ్ళు ఇద్దరు వచ్చి పుస్తకం చూసి, తమకీ గళ్ళు గీసిమ్మని మా అమ్మాయిని అడిగారు. అంతే. ఇంతకంటే ఎక్కువ జరిగిందని చెప్తే అబద్ధం.

మీరు ఎక్కడున్నా, అపార్టుమెంటులో అయినా పల్లెలో అయినా, ఒక వారం ఇది చేసి చూడండి. వీధికి వెళ్ళేముందు మీ ఇంటి చెత్తబుట్టతోనే మొదలుపెట్టండి. ఏది ఎన్నిసార్లు పడుతోందో గీతలు పెట్టండి. తర్వాత నలుగురు కలిసి వీధి లెక్క చూడండి. 2025 జనవరి నుంచి మన రాష్ట్రంలో ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం జరుగుతోంది కదా, ఆ రోజు చీపురు పట్టేముందు ఒక్క అరగంట పెన్ను పట్టండి. ఆ కాగితం గ్రామసభకి తీసుకెళ్ళండి. "మా ఊరు మురికిగా ఉంది" అంటే వినేవాళ్ళు తల ఊపి వదిలేస్తారు. "ఫలానా చోట, ఫలానా రోజు, ఫలానా వస్తువు ఇన్ని పడుతున్నాయి, ఇది అమ్మకూడనిది" అంటే జవాబు చెప్పాల్సి వస్తుంది. మీ పేజీల్లో మగవాళ్ళవి ఏవైతే ఉన్నాయో అవి మగవాళ్ళ చేతికే ఇవ్వండి. మీరు ఏరొద్దు.

అన్నిటికంటే ముందు, మీ చెత్త తీసుకెళ్ళే మనిషిని కూర్చోబెట్టి అడగండి. మీ వీధి గురించి మీకంటే ఎక్కువ తెలిసిన మనిషి రోజూ మీ గుమ్మం దాకా వచ్చి వెళ్తోంది.

అక్క వేలు మానింది. మచ్చ ఉండిపోయింది. చెత్త డబ్బా అందుకునేటప్పుడు ఆ మచ్చ నాకు రోజూ కనబడుతుంది. ఇప్పుడు బయట ఏదైనా పెట్టేముందు ఒక్క క్షణం ఆగుతాను. దీన్ని ముట్టుకునేది ఎవరి చెయ్యి అని ఆలోచిస్తాను.